పాత నాలుగో నంబరు రోడ్డు మన జిల్లాలో ఎక్కడెక్కడ పోయేది? (నంగలి నుంచి మద్రాసు దాకా)

నీవా_ఒడ్డు | చిత్తూరు

అందరికీ నమస్కారం. చిత్తూరు మీదుగా పోయిన పాత నాలుగో నంబరు జాతీయ రహదారి గురించి ఈ చర్చ పెడుతున్నాను. ముంబై పక్కన థానే దగ్గర మొదలై పుణె, కొల్హాపూర్, బెళగావి, హుబ్బళ్ళి, దావణగెరె, బెంగళూరు, కోలారు, ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు, రాణిపేట, కాంచీపురం మీదుగా మద్రాసులో ముగిసిన రోడ్డు అది. మొత్తం 1,235 కి.మీ. మద్రాసులో పూందమల్లి హైరోడ్డు అని పిలిచేదే దాని చివరి ముక్క. పడమటి తీరం నుంచి తూర్పు తీరానికి సరుకు పోయే దారిలో మన ఊరు ఉండేది.

ఇప్పుడు బోర్డుల మీద ఆ నంబరు లేదు. యాభై దాటిన వాళ్ళ నోట్లో మాత్రం "ఎన్‌హెచ్ ఫోర్" అలాగే ఉంది. నంగలి దగ్గర కర్ణాటక సరిహద్దు నుంచి గుడిపాల దాటి తమిళనాడులోకి పోయే దాకా పాత రోడ్డు సరిగ్గా ఎట్లా పోయేదో పటం మీద గీయాలని ఉంది. నాలుగు వరసలు వేసినప్పుడు వంపులు సరిచేశారు, ఊళ్ళకు బైపాసులు వచ్చాయి. పాత ముక్కలు కొన్ని ఊరి వీధులైపోయాయి. కొన్ని పొలాల పక్కన గడ్డి పట్టి పడి ఉన్నాయి. మైలురాళ్ళు, పాత కల్వర్టులు, చింతచెట్ల వరసలు, బాటసారుల బావులు, సత్రాలు, మీకు తెలిసినవి ఏవైనా చెప్పండి. ఫొటో ఉంటే ఇంకా మంచిది.

కంకర_తారు | తిరుపతి

మంచి పని ఎత్తుకున్నారు. రోడ్ల శాఖలో పనిచేసి రిటైరయినవాణ్ణి, నాకు చేతనైనంత చెబుతాను. ముందు నంబర్ల లెక్క తేల్చుకుంటే తర్వాత గందరగోళం ఉండదు.

జాతీయ రహదారుల చట్టం 1956లో వచ్చింది, 1957 ఏప్రిల్ 15 నుంచి అమలైంది. మనం ఎరిగిన 4, 5, 7, 18 నంబర్లు ఆ పాత పద్ధతివి. 2010లో దేశం మొత్తానికి కొత్త నంబర్లు ఇచ్చారు. ఉత్తరం–దక్షిణంగా పోయేవాటికి సరి సంఖ్యలు, తూర్పు నుంచి పడమరకు జరిగేకొద్దీ సంఖ్య పెరుగుతుంది. తూర్పు–పడమరగా పోయేవాటికి బేసి సంఖ్యలు, ఉత్తరం నుంచి దక్షిణానికి పెరుగుతాయి. మూడంకెలవి ఉపరహదారులు. 140 అంటే 40కి చెందింది, 716 అంటే 16కి చెందింది.

ఈ పద్ధతిలో బెంగళూరుకూ రాణిపేటకూ మధ్య మన పాత రోడ్డు మూడు ముక్కలైంది. బెంగళూరు నుంచి ముళబాగిలు దాకా 75లో కలిసింది. ముళబాగిలు నుంచి పలమనేరు మీదుగా చిత్తూరు దాకా 69. చిత్తూరు నుంచి రాణిపేట దాకా 40. ఆ 40 కర్నూలు దగ్గర మొదలై నంద్యాల, కడప, రాయచోటి, పీలేరు మీదుగా వస్తుంది, అంటే పాత 18వ నంబరు రోడ్డే ఇంకొంత దూరం పొడిగిందన్నమాట.

69 సంగతి కొంచెం గమనించండి. అది పడమటి సముద్రం ఒడ్డున హొన్నావర దగ్గర మొదలై శివమొగ్గ, శిరా, చిక్కబళ్ళాపురం మీదుగా వచ్చి చిత్తూరులో ఆగిపోతుంది. మద్రాసుకు ఇంకా 150 కి.మీ. పైచిలుకు ఉండగానే ముగిసిపోతుంది.

రేణిగుంట_కుర్రాడు | రేణిగుంట

సార్, అయితే నాలుగో నంబరు ఇప్పుడు ఎవరికిచ్చారు? ముంబై–చెన్నై రోడ్డు అంటే ఇప్పుడు ఏది?

కంకర_తారు | తిరుపతి

నాలుగో నంబరు అండమాన్‌కు పోయింది. అక్కడి ట్రంక్ రోడ్డు ఇప్పుడు ఎన్‌హెచ్ 4.

రెండో ప్రశ్నకు జవాబు 48. ఢిల్లీలో మొదలై జైపూర్, అహ్మదాబాద్, ముంబై, బెంగళూరు మీదుగా వచ్చి హోసూరు, కృష్ణగిరి, వేలూరు, రాణిపేట దారిన చెన్నై చేరుతుంది. చిత్తూరు ఆ దారిలో లేదు.

పలమనేరు_లోడు | పలమనేరు

నంబరు మారింది 2010లో అయినా, బండ్లు మారింది అంతకు ముందే అన్నా. 1999లో ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతాలను కలిపే స్వర్ణ చతుర్భుజి రోడ్డు పనులు మొదలైనప్పుడు బెంగళూరు–చెన్నై ముక్కకు మన రోడ్డును తీసుకోలేదు. బెంగళూరు నుంచి కృష్ణగిరి దాకా పాత ఏడో నంబరు, కృష్ణగిరి నుంచి వాణియంబాడి, ఆంబూరు, వేలూరు మీదుగా రాణిపేట దాకా పాత 46వ నంబరు తీసుకున్నారు. అది నాలుగు వరసలయ్యేసరికి దూరం లారీలన్నీ అటు తిరిగాయి. మన వైపు రెండు వరసల రోడ్డు అట్లాగే ఉండిపోయింది. కిలోమీటర్లు చూస్తే మన దారే కొంచెం తక్కువ. కానీ లారీవాడు చూసేది కిలోమీటర్లు కాదు, టైము, డీజిలు, బ్రేకులు.

మా నాన్న ఈ రోడ్డు మీదే లారీ తోలాడు, నేనూ తోలాను. పలమనేరు పీఠభూమి అంచు. సముద్రమట్టానికి దాదాపు 680 మీటర్ల ఎత్తు. చిత్తూరు 300 పైచిలుకు మీటర్లు. ఆ తేడా అంతా నలభై కి.మీ. లోపలే దిగాలి, అందులో ఎక్కువ భాగం మొగిలి ఘాట్‌లో. లోడు బండి దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కాలో ఆ గేరులోనే దిగాలని పెద్ద డ్రైవర్లు చెప్పేవాళ్ళు. న్యూట్రల్‌లో వదిలి డీజిలు మిగుల్చుకుందామనుకున్నవాడికి బ్రేకు డ్రమ్ములు కాలిపోతాయి. మొగిలి గుడి దగ్గర బండి ఆపి, టెంకాయ కొట్టి, టైర్లు తట్టి చూసుకుని, కాసేపు బండిని చల్లారనిచ్చి అప్పుడు బంగారుపాళ్యం వైపు కదిలేవాళ్ళం. దండం పెట్టుకోవడంతో పాటు బండికీ విశ్రాంతి.

ఇప్పుడు ఘాట్ వెడల్పయింది. అయినా ప్రమాదాలు ఆగలేదు. 2024 సెప్టెంబరులో అక్కడ జరిగిన బస్సు ప్రమాదం అందరికీ గుర్తుంది. రోడ్డు బాగైనకొద్దీ వేగం పెరిగింది, వాలు మాత్రం అదే వాలు. దయచేసి ఆ దారిన పోయేవాళ్ళు ఎవరైనా గేరులో దిగండి.

లారీలు అటు తిరిగాక పంక్చరు షాపులు, టైరు కొట్లు, రాత్రంతా తెరిచి ఉండే పరోటా హోటళ్ళు ఒకటొకటే మూతపడ్డాయి. మిగిలింది మన లోకల్ లోడు. మదనపల్లె టమాటా, జూన్ జులైలో మామిడి, బెల్లం, గ్రానైటు.

బీసెంట్_రోడ్డు | మదనపల్లె

చర్చ బాగుంది. ఒక సందేహం అడుగుతాను, ఎవరూ నొచ్చుకోవద్దు. చిత్తూరు దారే మద్రాసు–బెంగళూరు అసలు దారి అని ఎట్లా అనుకుంటున్నాం?

ఇంగ్లీషు కంపెనీ వైద్యుడు ఫ్రాన్సిస్ బుకానన్ 1800లో మద్రాసు నుంచి బయలుదేరి మైసూరు దేశమంతా తిరిగాడు. టిప్పు చనిపోయిన మరుసటి ఏడాది అది. ఆయన చిత్తూరు రాలేదు. శ్రీపెరుంబుదూరు, కంచి, ఆర్కాటు, వేలూరు, పల్లికొండ, సాత్‌గఢ్ మీదుగా పోయి, పెదనాయకనదుర్గం కనుమ ఎక్కి, నాయకనేరి, వెంకటగిరికోట, బేతమంగళం దారిన బెంగళూరు చేరాడు. వెంకటగిరికోట అంటే మన వి.కోటే. జిల్లాలోదే కానీ పలమనేరు–చిత్తూరు వరస కాదు.

రైలు కూడా చూడండి. 1856లో రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా దక్షిణాదిలో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. 1864లో జోలార్‌పేట నుంచి బెంగళూరుకు లైను వేశారు. అది కుప్పం, బంగారుపేట మీదుగా పోయింది. అదీ చిత్తూరును తాకలేదు. కాబట్టి స్వర్ణ చతుర్భుజి కొత్తగా మనకు అన్యాయం చేసిందనడం పూర్తి నిజం కాదేమో. పాలారు లోయ వెంబడి పోయే దారి ముందునుంచీ ఉంది.

నీవా_ఒడ్డు | చిత్తూరు

నొచ్చుకోవడం ఎందుకు సార్, ఇట్లాంటి మాటల కోసమే ఈ చర్చ. బుకానన్ దారి కాదనలేను. అయితే దానికి తొమ్మిదేళ్ళ ముందు జరిగింది కూడా చూడాలి.

1791 ఫిబ్రవరిలో ఇంగ్లీషు గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ సైన్యం మైసూరు మీదికి పోయింది. ఆంబూరు వైపు పోతున్నట్టు కనబడి, టిప్పు చూపు అటు ఉండగా ఉత్తరానికి తిరిగి మొగిలి కనుమ ఎక్కేశాడు. ఇంగ్లీషువాళ్ళ రాతల్లో అది "ముగ్లీ". ఫిరంగులు లాగే ఎద్దులు, వెనక సామాను బండ్లు, అంత దండు కొండెక్కి పలమనేరు మీదుగా కోలారు, హోసకోట పట్టుకుని, మార్చి 21న బెంగళూరు కోట తీసుకుంది. అంత బరువును అంత త్వరగా ఎక్కించగలిగారంటే అక్కడ అప్పటికే బండ్లు నడిచే దారి ఉండే ఉండాలి.

ఇంకా వెనక్కి పోతే హైదర్ అలీ. 1782 డిసెంబరు 7న ఆయన చనిపోయింది చిత్తూరు పక్కన నరసింగరాయనిపేటలో వేసిన దండు గుడారంలో. రాచపుండుతో పోయాడు. టిప్పు అప్పుడు మలబారు వైపు ఉన్నాడు. కొడుకు వచ్చే దాకా చావు సంగతి బయటికి పొక్కకుండా దాచి, శవాన్ని ముందు కోలారుకు చేర్చారు, తర్వాత శ్రీరంగపట్నానికి. ఆర్కాటుకూ కోలారుకూ మధ్య దండు దిగడానికి ఈ దారిని ఎంచుకున్నారంటే దానికి కారణం ఉంటుంది కదా.

బీసెంట్_రోడ్డు | మదనపల్లె

సైన్యం పోయిన దారి వేరు, వర్తకులూ బాటసారులూ పోయే దారి వేరు. శత్రువు ఊహించని దారి కాబట్టే కార్న్‌వాలిస్ మొగిలి ఎక్కాడు. మీ ఉదాహరణ నా మాటకే బలమిస్తోంది! టిప్పు ఆంబూరు వైపు కాపు కాశాడంటే మామూలుగా అందరూ వచ్చే దారి అదే అన్నమాట.

నాకు తోచింది చెబుతాను. పీఠభూమి నుంచి కింది దేశానికి దిగడానికి మూడు గుమ్మాలు ఉన్నాయి. ఉత్తరాన మొగిలి, నడుమ ఆంబూరు–పేర్ణంబట్టు పైనున్న నాయకనేరి, పెదనాయకనదుర్గం వైపు కనుమలు, దక్షిణాన బారామహల్, అంటే కృష్ణగిరి వైపు. ఏ కాలంలో ఎవరికి ఏది అనుకూలమైతే అది పెద్ద రోడ్డు అయింది. మరి చిత్తూరు దారి జాతీయ రహదారి అయ్యేంతగా ఎందుకు ఎదిగింది? దీనికి జవాబు కొండల్లో కంటే కచేరీల్లో దొరుకుతుంది. ఉత్తర ఆర్కాటు జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్టణం. కలెక్టరు, జిల్లా కోర్టు అక్కడే. 1911 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా వేరయ్యే దాకా వేలూరు, ఆంబూరు వాళ్ళు కూడా జిల్లా పని పడితే చిత్తూరుకే రావాలి. కలెక్టరు ఉన్న ఊరికి రోడ్డు బాగుపడుతుంది, వంతెనలు వస్తాయి, బంగళాలు వస్తాయి. ఆ రోడ్డే తర్వాత నాలుగో నంబరు అయింది.

నీవా_ఒడ్డు | చిత్తూరు

కచేరీ సంగతి ఒప్పుకుంటాను. "మామూలు దారి" అనే మాట దగ్గర మాత్రం ఆగుతాను. వర్తకులు మొగిలి వాడలేదనడానికి బుకానన్ ఒక్కడి ప్రయాణం చాలదు.

శేషాచలం_నీడ | తిరుపతి

మీరంతా చిత్తూరు చిత్తూరు అంటున్నారు గానీ, సముద్రానికి పాత రాజమార్గం అంటే మా చంద్రగిరి–తిరుపతి దారి కాదా? విజయనగరం చివరి రాజులు చంద్రగిరిలో ఉన్నారు. 1639లో ఇంగ్లీషువాళ్ళకు మద్రాసు స్థలం దక్కిందీ వాళ్ళ ఏలుబడిలోనే. ఇప్పటికీ చంద్రగిరి రాజమహల్ చూపించి అదే చెబుతారు. అంతకుముందు 1626లో వాళ్ళు దుగరాజపట్నం దగ్గర ఆర్మగాన్ అని కొట్టు పెట్టుకున్నారు, అదీ మనకు దగ్గర తీరమే. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సముద్రం ఎంత దూరం? మాకు తీరం అంటే మద్రాసు కాదు, ఆ నెల్లూరు తీరం.

బీసెంట్_రోడ్డు | మదనపల్లె

స్థలం ఇచ్చినవాడు దామర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన పైన రాజు విజయనగర వంశంవాడు. దీన్నిబట్టి చంద్రగిరి నుంచి తీరానికి మనుషులు, వార్తలు, కానుకలు పోయేవని చెప్పొచ్చు. ఏ ఊళ్ళ మీదుగా పోయేవో దీన్నిబట్టి చెప్పలేం. తిరుపతికి యాత్రికులు వచ్చే దారులు మాత్రం చాలా పాతవి. మద్రాసు వైపు నుంచి తిరువళ్ళూరు, తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా వచ్చే దారి అందులో ఒకటి. ఇప్పటికీ పెరటాసి నెలలో తమిళ భక్తులు ఆ వైపు నుంచే నడిచి వస్తారు.

శేషాచలం_నీడ | తిరుపతి

అదే పాత 205. అనంతపురం నుంచి మదనపల్లె, తిరుపతి, రేణిగుంట మీదుగా మద్రాసు పోయేది. దాన్ని కూడా ముక్కలు చేశారు. మదనపల్లె నుంచి తిరుపతి, శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేట దాకా 71. చెన్నై నుంచి రేణిగుంట, కడప మీదుగా ముద్దనూరు దాకా 716. పుత్తూరు, నగరి దాటగానే తిరుత్తణి తమిళనాడు. 1960 దాకా తిరుత్తణి తాలూకా మన చిత్తూరు జిల్లాలోనే ఉండేది. రెండు రాష్ట్రాల సరిహద్దు తగాదా తేల్చిన పటాస్కర్ నిర్ణయంతో అది అటు పోయింది, సత్యవేడు వైపు గ్రామాలు ఇటు వచ్చాయి. తిరుత్తణిలో ఇప్పటికీ తెలుగు కుటుంబాలు ఎన్నో. రోడ్డు మీద గీత పడింది గానీ చుట్టరికాలు అట్లాగే ఉన్నాయి.

వికోట_కోడలు | వి.కోట

బీసెంట్ రోడ్డు అన్నయ్యా, బుకానన్ మా ఊరి మీదుగా పోయాడని మీరు రాస్తే మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. పేరు పెట్టి మా ఊరి గురించి ఎవరైనా రాయడం అరుదు.

ఇప్పుడు మా ఊరి పరిస్థితి చెబుతాను. కోలారు, ముళబాగిలు మీదుగా వచ్చే 75 మా వి.కోట మీదుగానే పేర్ణంబట్టు, గుడియాత్తం, వేలూరు పోతుంది. అది కాక బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే. హోసకోట నుంచి శ్రీపెరుంబుదూరు దాకా 262 కి.మీ., 2022 మే నెలలో ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. మాలూరు, బంగారుపేట, కేజీఎఫ్ దాటి మన జిల్లాలోకి వచ్చి వి.కోట, బైరెడ్డిపల్లె, పలమనేరు, గుడిపాల వైపుగా పోయి తమిళనాడులో దిగుతుంది. గంటకు 120 కి.మీ. వేగానికి తగ్గట్టు కడుతున్నారు.

రెండు వందల ఏళ్ళ తర్వాత పెద్ద రోడ్డు మళ్ళీ మా వైపు వచ్చిందని సంతోషమే. కానీ పాత రోడ్డుకు, దీనికి తేడా ఉంది. పాత రోడ్డు ఊళ్ళోంచి పోయేది. బండి ఆగితే మా కొట్లో టీ తాగేవాళ్ళు, పూలు కొనేవాళ్ళు. ఎక్స్‌ప్రెస్‌వేకి ఎక్కడ పడితే అక్కడ ఎక్కడానికి, దిగడానికి ఉండదు. పొలం పోయిన రైతుకు పరిహారం వచ్చింది, సరే. రోడ్డుకు అటు సగం ఇటు సగం పొలం మిగిలినవాళ్ళు ఆవుల్ని తోలుకుని పోవాలంటే అండర్‌పాస్ ఎంత దూరంలో ఉందో చూసుకోవాలి. మా బంధువులకే ఈ కష్టం ఉంది. మీ పటంలో పాత దారి గీసేటప్పుడు ఇది కూడా ఎక్కడో ఒక చోట రాయండి.

నీవా_ఒడ్డు | చిత్తూరు

తప్పకుండా రాస్తాను అక్కా. మొగిలి వరసతో పాటు మీ వి.కోట వరస కూడా పటంలోకి తెస్తాను. బీసెంట్ రోడ్డు గారి వాదనకు అది న్యాయం.

కంకర తారు సార్, మీరు ఇంకా చెప్పలేదు. పాత రోడ్డును నేల మీద ఎట్లా గుర్తుపట్టాలి?

కంకర_తారు | తిరుపతి

ఇది కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మొట్టమొదట రెవెన్యూ పటాలు. రోడ్డు జరిగినా రికార్డులో పాత రోడ్డు జరగదు. గ్రామ పటంలో, ఎఫ్‌ఎంబీలో (సర్వే నంబరు వారీగా పొలం కొలతలు గీసిన పుస్తకం) "రస్తా పోరంబోకు" (రోడ్డుకు వదిలిన ప్రభుత్వ భూమి) అనీ, చిన్నవాటికి "బండిబాట" అనీ ఉంటుంది. కొత్త రోడ్డుకు భూసేకరణ చేసిన సర్వే నంబర్లు వేరుగా కనబడతాయి. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే పాత వంపు ఎక్కడ తెగిపోయిందో తెలిసిపోతుంది. అడంగల్‌లో కూడా పోరంబోకు విస్తీర్ణం ఉంటుంది. వెడల్పు చూడండి. ఊరి బాటకు అంత వెడల్పు పోరంబోకు ఉండదు. ట్రంకు రోడ్డుకు మొదటినుంచే రెండు పక్కలా చెట్లకు, కంకర కుప్పలకు చోటు వదిలారు.

రెండోది చెట్లు. రెండు వైపులా ఎదురెదురుగా, సమాన దూరంలో పెద్ద చింతచెట్లు ఉండి, మధ్యలో రోడ్డు లేకపోయినా అది పాత రోడ్డే. ఆ చింతకాయలకు ఏటా వేలం వేసేవాళ్ళం. చెట్టు కాండం మీద సున్నం పట్టీ, దాని మీద నల్లరంగుతో నంబరు ఉండేది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మొట్టమొదట పోయేవి ఆ చెట్లే. నా సర్వీసులో నాకు చాలా బాధ కలిగించిన పని వాటి నరికివేతకు కొలతలు తీయడం.

మూడోది కల్వర్టులు. సిమెంటు గొట్టాలు, స్లాబులు తర్వాతి కాలానివి. చెక్కిన రాతి గోడల మీద ఇటుక కమాను కట్టి సున్నంతో పూసి ఉంటే అది పాతది. కొత్త రోడ్డుకు పది ఇరవై గజాల పక్కన వాగులో దిగి చూడండి, పైనుంచి చూస్తే ముళ్ళకంపలో ఏమీ కనబడదు. పాములు ఉంటాయి, కర్ర పట్టుకుని దిగండి.

తర్వాత రాళ్ళు. జాతీయ రహదారి రాయికి పైన పసుపు రంగు, రాష్ట్ర రహదారికి ఆకుపచ్చ. ఇవి కిలోమీటరు రాళ్ళు. వాటికంటే ముందువి మైలు రాళ్ళు, పొట్టిగా, దిట్టంగా ఉంటాయి. మైళ్ళ నుంచి కిలోమీటర్లకు మారినప్పుడు పాతవి కొన్ని పెరికేశారు, కొన్ని అక్కడే వదిలేశారు. వదిలేసినవాటిలో చాలా వరకు జనం బట్టలు ఉతుక్కునే బండలుగా, ఇంటి గుమ్మం ముందు మెట్లుగా పట్టుకుపోయారు. కొన్నింటికి పసుపు కుంకుమ పెట్టి పూజ కూడా చేస్తున్నారు. అట్లాంటిది కనబడితే కదిలించవద్దు, ఫొటో తీసుకుని రండి.

నెత్తి మీద గంప పెట్టుకుని పోయేవాళ్ళు ఎవరి సాయమూ లేకుండా బరువు దించుకోవడానికి, రెండు నిలువు రాళ్ళ మీద ఒక అడ్డబండ ఎత్తి కట్టేవాళ్ళు. చిత్తూరు నుంచి రాణిపేట వైపు ఇవి ఇంకా దొరికే అవకాశం ఉంది. ఇట్లాంటి బండ, బావి, చింతతోపు ఒకే చోట ఉంటే అక్కడ నడకదారి ఆగేదన్నమాట.

ఇంకొక మాట, మీ ఇద్దరి వాదన గురించి. రైలు రాకముందు తీరం నుంచి పీఠభూమికి పోయిన ముఖ్యమైన సరుకు ఉప్పు. లంబాడీలు, ఎరుకలవాళ్ళు ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు ఎక్కించుకుని కొండెక్కేవాళ్ళు, దిగేటప్పుడు ధాన్యం తెచ్చేవాళ్ళు. వాళ్ళకు బండిబాట కూడా అక్కర్లేదు, మేతా నీళ్ళూ ఉన్న కనుమ ఏదైనా చాలు. కాబట్టి వర్తకులు ఒకే కనుమ వాడారని ఇద్దరూ పట్టుబట్టకండి. రోడ్డు ఒక్కటే కావాలన్నది చక్రం వచ్చాకే, ముఖ్యంగా ప్రభుత్వం కంకర పరిచే ఖర్చు పెట్టాకే.

బీసెంట్_రోడ్డు | మదనపల్లె

చివరి పేరా చదివాక ఈ వాదన పొడిగించాలని లేదు. ఎఫ్‌ఎంబీ ఆలోచన బ్రహ్మాండంగా ఉంది సార్.

కౌండిన్య_అడవి | పలమనేరు

పాత రోడ్డు వెతకడానికి పోయేవాళ్ళకు ఒక హెచ్చరిక. పలమనేరు నుంచి మొగిలి దాకా రోడ్డుకు ఆనుకుని కౌండిన్య అభయారణ్యం ఉంది. 1980లలో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి వచ్చి ఏనుగులు ఇక్కడ స్థిరపడ్డాయి. అవి రోడ్డు దాటతాయి. 2023 జూన్‌లో పలమనేరు మండలంలో రాత్రిపూట రోడ్డు దాటుతున్న మూడు ఏనుగుల్ని వాహనం గుద్ది చంపేసింది. మర్నాడు పొద్దున నేను అక్కడికి పోయాను. ఆ దృశ్యం గురించి రాయలేను.

సాయంత్రం నాలుగు తర్వాత పాత ముక్కల్లోకి నడిచి పోవద్దు. ఘాట్ పక్కన వాగుల్లో నీళ్ళున్న రోజుల్లో పగలు కూడా ఒంటరిగా వద్దు. ఊరివాళ్ళను అడగండి, రాత్రి ఏ వైపు అరుపులు వినబడ్డాయో వాళ్ళకు తెలుస్తుంది.

రేణిగుంట_కుర్రాడు | రేణిగుంట

నాదొక ప్రశ్న. ఇప్పుడు చిత్తూరు నుంచి సముద్రానికి కొత్త రోడ్డు ఏదో వేస్తున్నారు కదా? అది ఈ పాత దారికి సంబంధించిందేనా?

కంకర_తారు | తిరుపతి

మీరు అడిగేది చిత్తూరు–తచ్చూరు ఆరు వరసల రోడ్డు, 716బి. అది పూర్తిగా కొత్త వరస. తచ్చూరు చెన్నైకి ఉత్తరాన, 16వ నంబరు, అంటే పాత ఐదో నంబరు రోడ్డు మీద ఉంది. అక్కడి నుంచి ఎన్నూరు, కాట్టుపల్లి రేవులు దగ్గర. బెంగళూరు వైపు నుంచి వచ్చే కంటైనరు బండి చెన్నై ఊళ్ళోకి పోకుండానే రేవుకు చేరాలన్నది ఉద్దేశం. చిత్తూరు–మల్లవరం 140 ఆరు వరసలైంది కూడా ఇట్లాంటి ఆలోచనతోనే. మల్లవరం దాటి నాయుడుపేట వైపు పోతే కృష్ణపట్నం రేవు దారి పడుతుంది.

పాత నాలుగో నంబరు పూందమల్లి హైరోడ్డు మీదుగా మద్రాసు నడిబొడ్డుకు పోయేది. ఎందుకంటే రేవు, కోట, బజారు, కచేరీ అన్నీ ఒకే చోట ఉండేవి. ఇప్పుడు రేవులు ఊరి బయట ఉన్నాయి కాబట్టి రోడ్లు కూడా ఊరిని తప్పించుకుని పోతున్నాయి. శేషాచలం నీడ గారు అడిగిన నెల్లూరు తీరం దారి ఇప్పుడు నిజంగానే పెద్ద రోడ్డు అయింది చూడండి.

పలమనేరు_లోడు | పలమనేరు

ఒక విషయం. నంగలి దగ్గర చెక్‌పోస్టులో లారీల వరస, ఇటు నరహరిపేట దగ్గర ఇంకో వరస. జీఎస్టీ రాకముందు, అంటే 2017 జులైకి ముందు, వాణిజ్య పన్నుల కాగితాలు చూపించి ముద్ర వేయించుకునే దాకా బండి కదిలేది కాదు. ఆ చెక్‌పోస్టుల చుట్టూ పెరిగిన హోటళ్ళు, బంకులు, లారీ షెడ్లు కూడా పాత రోడ్డు గుర్తులే. వాటిని కూడా పటంలో పెట్టండి. డ్రైవర్లకు ఆ చోట్లు మైలురాళ్ళ కంటే బాగా గుర్తు.

నీవా_ఒడ్డు | చిత్తూరు

పెడతాను అన్నా. అందరికీ ధన్యవాదాలు. ఇప్పటికి అనుకున్నది ఇది. ముందు నంగలి–పలమనేరు ముక్క, అక్కడ వంపులు తక్కువ. తర్వాత మొగిలి ఘాట్, పగటిపూట, కౌండిన్య అడవి గారు తోడొస్తే. ఆ తర్వాత బంగారుపాళ్యం నుంచి చిత్తూరు ఊళ్ళోకి. బైపాసు రాకముందు బస్సులూ లారీలూ ఊరి మధ్యలోంచే పోయేవి కాబట్టి అక్కడి పెద్దవాళ్ళ మాటలు రికార్డు చేయాలి. చివరగా నరసింగరాయనిపేట, గుడిపాల, సరిహద్దు. అటు పక్క రాణిపేట, కావేరిపాకం వైపు తెలిసినవాళ్ళు ఉంటే చెప్పండి, తమిళంలో అడగగలిగినవాళ్ళయితే మంచిది.

పటం రెండు రంగుల్లో గీస్తాను. మొగిలి మీదుగా పోయే నాలుగో నంబరు వరస ఒకటి, నాయకనేరి–వి.కోట వరస ఒకటి. రాయి దొరికిన చోట చుక్క, ఎవరు చెప్పారో పక్కన రాస్తాను. రాళ్ళు ఎవరూ ఇంటికి తీసుకుపోవద్దని మనవి. ఏ రాయి ఎక్కడ ఉండేదో తెలిస్తేనే దానికి విలువ.

వికోట_కోడలు | వి.కోట

మా వైపు పని నేను, మా మరిది చూసుకుంటాం. నాయకనేరి నుంచి పైకి వచ్చే పాత బాట ఎక్కడ కలుస్తుందో మా మామగారికి తెలుసు. ఆయన చిన్నప్పుడు పేర్ణంబట్టు సంతకు ఎడ్లబండి మీద పోయేవాళ్ళట. ఆదివారం ఆయన్ను కూర్చోబెట్టి ఊరి పేర్లు వరసగా రాసుకుని ఇక్కడ పెడతాను.

కంకర_తారు | తిరుపతి

అమ్మా, ఊరి పేర్లతో పాటు చెరువుల పేర్లు, తోపుల పేర్లు కూడా అడగండి. గ్రామ పటంలో అవే ముందు దొరుకుతాయి. ఎఫ్‌ఎంబీ నకళ్ళకు మండల సర్వేయరును అడగాలి, దరఖాస్తులో సర్వే నంబరు తప్పనిసరి. నంగలి వైపు మన రాష్ట్రంలో ఉన్న మొదటి గ్రామం నుంచి మొదలుపెట్టండి. సర్వే నంబర్లు దొరికినకొద్దీ ఇక్కడ రాస్తే, ఏది రోడ్డు పోరంబోకో ఏది కాలవ పోరంబోకో నేను చూసి చెబుతాను.